శిక్షణ, శిక్ష: ‘మైదాన్’ చూసిన తర్వాత

సినిమా మీద వ్యాసానికి ఈ పత్రికలో చోటేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కథనూ నవలనూ ఏ గీటురాయి మీద పెట్టి చూస్తామో సినిమానూ ఆ గీటురాయి మీదనే పెట్టి చూడాలని నా అభిప్రాయం. మన విద్యార్థుల్లో ఒక నవల పూర్తిగా చదివినవారు తరగతికి నలుగురైదుగురు ఉంటారేమో. సినిమా చూడనివారు ఒక్కరూ ఉండరు. గురువుకూ శిష్యుడికీ, నాయకుడికీ అనుచరుడికీ ఉండవలసిన సంబంధాన్ని గురించి వాళ్ల మనస్సుల్లో ఉన్న ఊహలు చాలావరకు అక్కడినుంచే వస్తున్నాయి. ఆ ఊహలు ఎంతవరకు నిజమైనవో విచారించడం విమర్శకుడి బాధ్యత.

నేను విచారించదలచినది 2024 ఏప్రిల్‌లో విడుదలైన హిందీ చిత్రం ‘మైదాన్’. దర్శకుడు అమిత్ శర్మ, ప్రధాన పాత్రధారి అజయ్ దేవగణ్. ఇందులో కథానాయకుడు కల్పిత వ్యక్తి కాడు. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి, ఆ తర్వాత నగర పోలీసు జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడై, 1963లో చనిపోయేదాకా ఫుట్‌బాలే జీవితంగా బతికిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో మన జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలుచుకుంది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ ఆ స్థాయికి ఎన్నడూ చేరలేదు. ఆయన కింద ఆడినవారి జ్ఞాపకాల్లో రెండు భావాలు ఎప్పుడూ జంటగా వస్తాయి: ఆయన కఠినుడు, ఆయన లేకపోతే మేము లేము.

ఈ రెండు భావాలకూ ఉన్న సంబంధం ఏమిటి? కఠినుడు గనుక గెలిపించాడా? కఠినుడై ఉండికూడా గెలిపించాడా? లేక ఆ కాఠిన్యం వెనక అంతకంటె విలువైనది మరొకటి ఉండి, గెలిపించింది అదేనా? రహీం జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకున్న వాళ్లు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. ‘మైదాన్’ తీసినవాళ్లు వేసుకోలేదు. నా ఫిర్యాదు ఇదే.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. నేను ఎం.ఏ. ముగించి మొట్టమొదట చేరిన కళాశాలలో తెలుగు లెక్చరర్‌కు పాఠాలతోపాటు క్రీడల కమిటీ పని కూడా అంటగట్టారు. ఆ కళాశాల పేరు ఇక్కడ అవసరం లేదు. వాలీబాల్ జట్టును తయారుచేసే పి.డి. గారికి నేను సహాయకుణ్ణి. అంతర్ కళాశాలల పోటీల్లో ఆయన జట్టు వరసగా నాలుగేళ్లు గెలిచింది. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయన ఈల మోగేది. హాజరు పట్టీ, ప్రయాణ బిల్లులు, కోడిగుడ్లూ అరటిపళ్ల లెక్క నా పనులు. ఆలస్యంగా వచ్చిన కుర్రవాడు మైదానం చుట్టూ ఇరవై చుట్లు తిరగాలి. అదే వారంలో మళ్లీ ఆలస్యమైతే ఆ రోజుకు గుడ్డు లేదు. నాకు అన్నిటికన్న బాధ కలిగించింది ఈ గుడ్డు శిక్షే. వాళ్లలో చాలామందికి హాస్టల్ మెస్సు కూటి పైన దొరికే బలమైన తిండి అదొక్కటే మరి.

ఆయన దుర్మార్గుడని చెప్పడం నా ఉద్దేశం కాదు. కళాశాల మంజూరు చేసే డబ్బు నెల సగం గడిచేసరికి అయిపోయేది. తక్కిన సగం నెల గుడ్లు ఆయన జీతంలోంచి వచ్చేవి. లెక్క రాసేవాణ్ణి నేనే గనుక ఆ సంగతి నాకు తెలుసు, పిల్లలకు తెలియదు. ఆయన దగ్గర ఆడినవారిలో కొందరికి క్రీడల కోటాలో ఉద్యోగాలు వచ్చాయి. పండగకు ఊరికి వచ్చినప్పుడు వాళ్లు ఆయన కాళ్లకు మొక్కి పోయేవారు.

ఒక ఏడు ఫైనల్‌కు ముందురోజు మా జట్టులో స్మాష్ కొట్టే కుర్రవాడి చీలమండ వాచింది. నేను చూశాను. “రేపు వీణ్ణి కూర్చోబెడదామండీ” అన్నాను. ఆయన నవ్వి, “మాస్టారూ, మీరు పద్యాలు చూసుకోండి, కాళ్ల సంగతి నేను చూసుకుంటాను” అన్నారు. ఆటగాళ్లందరూ ఆరోగ్యంగా ఉన్నారని కమిటీ తరపున కాగితం మీద సంతకం చేయవలసినవాణ్ణి నేను. చేశాను. జట్టు గెలిచింది. ఆ కుర్రవాడు ఏడాదిపాటు సరిగా నడవలేకపోయాడు. చదువు మూడో ఏట ఆగిపోయింది. కప్పుతో దిగిన ఫొటోలో అతనూ ఉన్నాడు, నేనూ ఉన్నాను. అందరం నవ్వుతున్నాం.

‘మైదాన్’ను నేను నా విద్యార్థులతో కలిసి చూశాను. తలకు కట్టుతో జర్నైల్ సింగ్ బరిలోకి దిగినప్పుడు హాలంతా ఈలలు వేసింది. నా చేతులు మాత్రం చప్పట్లకు లేవలేదు. ఈ వ్యాసానికి మూలం ఆ నిమిషమే.

2

‘శిక్షణ’ అన్నా ‘శిక్ష’ అన్నా ధాతువు ఒక్కటే. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. ఆరు వేదాంగాల్లో ఒకటైన ‘శిక్ష’ ఉచ్చారణను నేర్పే శాస్త్రం. హిందీవారికి ఈనాటికీ శిక్ష అంటే చదువే. మనకూ, మన పొరుగున కన్నడిగులకూ మరాఠీలకూ మాత్రం ఆ మాట దండనగా స్థిరపడింది. అది ఏ దారిన అలా వచ్చిందో భాషావేత్తలు చెప్పాలి. కాని కోదండాన్నీ గోడకుర్చీనీ తొడపాశాన్నీ ఎరిగిన వీధిబడి జనానికి ఈ అర్థపరిణామం ఏమాత్రం ఆశ్చర్యం కలిగించదు. చదువుకూ దెబ్బకూ వాళ్లు తేడా చూసి ఉండరు.

ఆ తేడా మనం చూడాలి. కాఠిన్యం ఎక్కువైతే శిక్ష, తక్కువైతే శిక్షణ అనుకోవడం పొరపాటు. రెండూ కఠినంగానే ఉండవచ్చు. శిక్షకు అలవాటుపడ్డవాడు పైవాడు చూస్తున్నంతసేపే సరిగా ఉంటాడు. శిక్షణ పొందినవాడికి పైవాడి కన్ను అక్కరలేదు, పని అతని సొంతమైపోతుంది. ఇక రెండో పరీక్ష ఇచ్చిపుచ్చుకోవడాన్ని గురించినది. ఎదుటివాడి నుంచి ఇంత శ్రమ, ఇంత నొప్పి, ఇంత కాలం అడుగుతున్నవాడు అందుకు బదులు ఏమి సమకూరుస్తున్నాడు? తిండి సమకూరుస్తున్నాడా, బతుకుతెరువు సమకూరుస్తున్నాడా, తెలివి సమకూరుస్తున్నాడా? లేక గెలిచిన రోజున వీపు మీద ఒక చరుపుతో సరిపెడుతున్నాడా?

కఠినుడైన శిక్షకుడి కథ ఎవరు చెప్పినా ఈ రెండు పరీక్షలకూ నిలబడాలి. కప్పుల లెక్క ఈ పరీక్షకు సరిపోదు. కప్పులు శిక్ష వల్లా వస్తాయి, శిక్షణ వల్లా వస్తాయి. మా పి.డి. గారి అద్దాల బీరువాలో రెండు రకాలవీ ఉన్నాయి.

3

రహీం నిజజీవితాన్ని ఈ పరీక్షలకు పెట్టి చూద్దాం.

మొదట గమనించవలసింది ఆయన ఉపాధ్యాయుడని. చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వంటి హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పాడు. ఆట నేర్పడంలో ఆయన వాడిన ఉపాయాలు ఉపాధ్యాయుడికే తట్టేవి. కుర్రవాళ్లకు ఎడమకాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టేవాడు. కుడికాలి అలవాటుతో బతికేవాడు తన బలహీనతను తానే ఎదుర్కోక తప్పదు. బంతిని ఒక్కడే తిప్పుకుంటూ పోకుండా వెంటనే మరొకరికి అందించి తీరాలనే నియమంతోనూ పోటీలు పెట్టేవాడు. ఎవడి గొప్ప వాడు చూపించుకోవడానికి వీలు లేదు, పక్కవాడు ఎక్కడున్నాడో చూసి తీరాలి. ఇందులో కాఠిన్యం ఉంది. తనకు చేతనైనది చెయ్యవద్దని చెప్పి, చేతకానిదే చెయ్యమనడం చిన్న బాధ కాదు. అయితే ఆ బాధ నుంచి కుర్రవాడు ఒక కొత్త కాలుతోనూ, చుట్టూ చూసే కొత్త చూపుతోనూ బయటికి వస్తాడు. మైదానం చుట్టూ ఇరవై చుట్లు తిరిగినవాడు ఏ చూపుతో వస్తాడు?

చుట్లు కూడా అక్కరలేదని నేనను. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ పోటీ 70 నిమిషాలు. అంతర్జాతీయ పోటీ 90 నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల లోటు ఉపన్యాసాలతో పూడేది కాదు, పరుగుతోనే పూడాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయారు. చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఆ తర్వాతనే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ ఓడిన జట్టుకు శిక్షకుడు రహీమే. ఓటమికి ఆయన చేసిన వైద్యం మరింత పరుగు ఒక్కటే అయి ఉంటే ఆయన్ను గురించి ఈనాడు రాయవలసింది ఉండదు. హంగేరీవాళ్లు ఆట నడిపే తీరును శ్రద్ధగా అధ్యయనం చేశాడు. ముందువరస మధ్య ఆటగాణ్ణి వెనక్కి దించి ఆడించే పద్ధతిని మనవాళ్లకు పట్టించాడు. నాలుగేళ్ల తర్వాత మెల్బోర్న్‌లో అదే జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. అంటే హెల్సింకీ పాఠాన్ని మొదట నేర్చుకున్న విద్యార్థి శిక్షకుడే. ఆటగాళ్లను అడగడానికి ముందు తనను తాను అడిగాడు.

తనవాళ్లకు మినహాయింపు లేకపోవడం మరొకటి. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కుమారుడు హకీం ఉన్నాడు. ఒక్క పోటీలోనూ బరిలోకి దిగలేదు. ఇటువంటి కాఠిన్యాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అది మొదట ఇంట్లోనే పడింది గనుక.

ఇక ఇచ్చిపుచ్చుకోవడం సంగతి. నగర పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా క్లబ్బుల పెత్తనం సాగుతున్న రోజుల్లో అది మామూలు సంగతి కాదు. ఆ జట్టులో ఆడటమంటే పోలీసు శాఖలో నౌకరీ ఉండటం. నెల తిరిగితే జీతం వస్తుంది. రేపటి బియ్యం గురించి దిగులు లేదు. పొద్దున్నే లేచి పరుగెత్తమని అటువంటివాణ్ణి అడగవచ్చు. భారత జట్టులోనూ అంతే. పి.కె. బెనర్జీ తూర్పు రైల్వే ఉద్యోగి. పీటర్ తంగరాజ్ సైన్యంలో ఉన్నవాడు. రహీం కాఠిన్యం గాలిలో నిలబడలేదు. దాని కింద ఉద్యోగం అనే నేల ఉంది. సికిందరాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం శిక్షణకు నగరానికి రావడానికి చేతిలో పైసలు లేని పేద కుర్రవాడు. సైకిలు అద్దెకు రహీం తన డబ్బు ఇచ్చాడని బలరామే తర్వాత చెప్పుకున్నాడు. వేళకు రావాలని ఒక్కడు అనవచ్చు, వేళకు రావడానికి సైకిలు ఏదని మరొకడు ఆలోచించవచ్చు. రహీం ఈ రెండూ చేశాడు.

4

ఈ సంపద అంతా చేతికి అందివచ్చినప్పుడు ‘మైదాన్’ చేసిందేమిటి?

ముందు మంచి చెప్పాలి. ఆటల చిత్రణలో శ్రద్ధ ఉంది. బంతి వెంట కెమెరా పరుగెత్తే తీరు ఆట తెలియనివారికి కూడా ఆట అర్థమయ్యేట్టు చేస్తుంది. హైదరాబాద్ ముస్లిం ఉపాధ్యాయుడొకడు దేశం కోసం పడ్డ తపనను మతం గురించిన ఉపన్యాసమేదీ లేకుండా సహజంగా చూపించారు. ఈ రోజుల్లో అది మెచ్చుకోవలసిన సంగతే. అజయ్ దేవగణ్ గొంతు పెంచకుండా నటించాడు.

అయితే కథ హెల్సింకీ ఓటమితో మొదలై జకార్తా విజయంతో ముగుస్తుంది. 1951లో, హైదరాబాద్ మీద పోలీసు చర్య జరిగిన మూడేళ్లకు, ఆ హైదరాబాద్ పంతులు శిక్షణలోనే భారత జట్టు ఢిల్లీలో ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం గెలిచిన ఘట్టం కథకు వెలుపలే ఉండిపోయింది. పోలీసు జట్టు అయిదు రోవర్స్ కప్పుల కథకూ ఇందులో తగిన చోటు దొరకలేదు. ఎందుకు? మొదట గెలిచినవాడు తర్వాత ఓడి, ఆ ఓటమి నుంచి నేర్చుకొని మళ్లీ గెలవడం జీవితం. మొదట అవమానం, చివర పతకం అనేది సినిమా. జీవితాన్ని సినిమా కొలతకు కత్తిరించారు.

కత్తిరించిన చోట ఏమి అతికారో చూడండి. గజరాజ్ రావు ధరించిన పత్రికా రచయిత పాత్ర ఒకటి ఉంది. రహీం తనను లెక్కచేయలేదన్న అహంకారంతో అతడు పగబట్టి, సమాఖ్యలోని తనవాళ్లతో కలిసి కుట్రలు పన్నుతాడు. సమాఖ్యల్లో ప్రాంతీయ పక్షపాతాలు ఉండేవనడంలో అసత్యం లేదు. కాని ఆ పాత్ర ఇక్కడ చేస్తున్న పని వేరు. ఎదుట ప్రతినాయకుడు నిలబడితే ప్రేక్షకుడి అనుమానమంతా అతడి మీదికే పోతుంది, కథానాయకుణ్ణి విచారించే తీరిక ఎవరికీ ఉండదు. 2016లో వచ్చిన ‘దంగల్’లోనూ ఇదే జరిగింది. కన్నకూతుళ్ల జుట్టు కత్తిరించి, చిన్నతనాన్ని కుస్తీ మట్టిలో కలిపేసిన తండ్రి కఠినత్వాన్ని మొదటి సగంలో ఆ సినిమా కొంత నిజాయితీగానే చూపించింది. ముగింపుకు వచ్చేసరికి ఆ తండ్రిని గదిలో పెట్టి తాళం వేయించే ఒక దుష్ట శిక్షకుణ్ణి కల్పించింది. నిజంగా జరగని సంఘటన అది. ఆ తాళంతో తండ్రి మీద అడగవలసిన ప్రశ్నలన్నిటికీ కూడా తాళం పడింది.

ఆటగాళ్ల పాత్రచిత్రణ ఇంతకంటె బలహీనం. మూడు గంటల సినిమా చూసి బయటికి వచ్చిన నా విద్యార్థులను ఆటగాళ్ల పేర్లు చెప్పమన్నాను. ముగ్గురి పేర్లకు మించి ఎవరూ చెప్పలేకపోయారు. అది వాళ్ల తప్పు కాదు. ఎడమకాలి పోటీల వంటి సంగతులకు కూర్చుని చూసే తీరిక ఇవ్వకుండా శిక్షణ అంతా సంగీతం మీద దొర్లిపోతుంది. ఆటగాళ్లు ఏ ఉద్యోగాలు చేస్తున్నారు, వారిలో వారికి ఉన్న స్పర్ధలేమిటి, శిక్షకుడితో విభేదించినవాడు ఒక్కడైనా ఉన్నాడా అన్నది దాదాపు తెలియదు. ఈ విషయంలో 2007 నాటి ‘చక్ దే ఇండియా’ నయం. అందులోని శిక్షకుడూ కఠినుడే. కాని ఆ అమ్మాయిలు అతడికి ఎదురు తిరుగుతారు, ఒకరితో ఒకరు పోట్లాడుకుంటారు. ఎదురు తిరిగిన బిందియా లేకుండా కొరియాతో పోటీ గట్టెక్కదని శిక్షకుడే తెలుసుకోవలసి వస్తుంది. శిష్యురాలి దగ్గర గురువు తల వంచిన ఆ ఒక్క ఘట్టంతో ఆ సినిమాకు ప్రాణం వచ్చింది. ‘మైదాన్’లో రహీం ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోడు. ఆయన బాధపడతాడు, దగ్గుతాడు, సిగరెట్లు కాలుస్తాడు, గెలుస్తాడు. ఉపాధ్యాయుడు పోయి త్యాగమూర్తి మిగిలాడు. త్యాగమూర్తికి మనం దండం పెడతాం, ఉపాధ్యాయుణ్ణి ప్రశ్న అడుగుతాం. రహీంకు జరిగిన నష్టం ఇదే.

5

ఇప్పుడు తలకట్టు దగ్గరికి వద్దాం.

చరిత్ర ఇది. జకార్తాలో మొదటి పోటీలో మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండును 4–1తో ఓడించారు. ఆ పోటీలోనే రక్షణవరసకు ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌తో పోటీకి అతను దిగలేదు. 2–0తో గెలిచారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌కు రహీం అతణ్ణి మళ్లీ దింపాడు, అయితే రక్షణవరసలో కాదు, దాడివరసలో. 3–2తో గెలిచారు. 1962 సెప్టెంబరు 4న ఫైనల్‌లో తమను ఓడించిన దక్షిణ కొరియానే 2–1తో ఓడించారు. ఒక గోల్ పి.కె. బెనర్జీది. రెండోది జర్నైల్ సింగ్‌ది. లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలి చేస్తుండగా సాధించిన విజయం అది.

ఇందులో శిక్షకుడి తెలివి ఎక్కడుంది? తల బద్దలైనవాణ్ణి గుండెధైర్యంతో పంపించడంలో లేదు. అతణ్ణి ఎప్పుడూ ఉండే చోట కాక వేరే చోట నిలబెట్టడంలో ఉంది. అతను ఏమి చెయ్యగలడు, ఏమి చెయ్యలేడు అని లెక్కవేసి చేసిన నిర్ణయం అది. ఒకప్పుడు దాడివరసలో ఆడిన అనుభవం అతనికి ఉండటం కూడా ఆ లెక్కలో చేరింది. సినిమాలో ఈ లెక్క నేపథ్యంలోకి పోయి కట్టూ నెత్తురూ ముందుకు వచ్చాయి. బుద్ధి చేసిన పనిని గాయం చేసినట్టు చూపించారు.

అంతటితో నా ప్రశ్న తీరదు. రహీం నిర్ణయం తెలివైనదే అయినా, కుట్లు ఆరని తలతో బంతిని ఎదుర్కొనే ఆటకు అతణ్ణి దించవచ్చునా? తల గాయాల ప్రమాదాన్ని గురించి ఈనాడు వైద్యులకు తెలిసినది 1962లో తెలియదు. ఆ నిర్ణయాన్ని ఈనాటి జ్ఞానంతో కొలిచి రహీంను బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. జర్నైల్ సింగ్ తానే ఆడతానని పట్టుబట్టి ఉండవచ్చు కూడా. మా కుర్రవాడు కూడా ఆడతాననే అన్నాడు. పందొమ్మిదేళ్లవాడు, జట్టులో చోటు పోతే గుడ్డు పోతుందని తెలిసినవాడు, ఇంకేమంటాడు? అందుకనే ఇష్టపడి ఆడాడన్న మాట దగ్గర విచారణ ఆగకూడదు. కాదంటే అతనికి ఏమి నష్టం జరిగేదో కూడా అడగాలి. 1962 నాటి మనుషులను క్షమించవచ్చు. 2024లో సినిమా తీసినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. వాళ్లకు అన్నీ తెలుసు. తెలిసికూడా ఆ గాయాన్ని పండగ చేశారు. మా హాలులో ఈల వేసిన కుర్రాళ్లలో రేపు చీలమండ వాచినవాడు ఉంటే, కూర్చుంటానని చెప్పడానికి సిగ్గుపడతాడు.

6

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. తరగతిలో నా విద్యార్థే ఒకడు లేవదీశాడు: “సార్, ఇంత సున్నితంగా ఆలోచిస్తే ఎవరైనా గెలుస్తారా? క్రమశిక్షణ లేకుండా ఏ సామూహిక కార్యం జరిగింది?”

ప్రశ్న మంచిది. క్రమశిక్షణ లేకుండా ఏదీ జరగదు. పదకొండుమంది ఆడే ఆటైనా, పదివేలమంది చేసే సమ్మె అయినా ఒక కట్టుబాటు మీదనే నడుస్తాయి. నేను అడుగుతున్నది ఆ కట్టుబాటు ఎవరి సొంతమని. పదకొండుమందీ అర్థం చేసుకొని పాటించేది ఒకటి, ఒక్కడికి భయపడి పదిమంది పాటించేది మరొకటి. ఆ ఒక్కడు మైదానంలో ఉన్నంతకాలం ఈ రెంటికీ పైకి తేడా కనిపించదు. అతను పోయిన మరునాడు కనిపిస్తుంది.

ఈ మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. మన సంఘాల్లోనూ నాలుగున్నర గంటలకు ఈల వేసే నాయకులున్నారు. వాళ్లు తమ జీతం ఖర్చుపెడతారు, తమ ఆరోగ్యం పాడుచేసుకుంటారు. అందువల్ల వాళ్లను ఏమీ అడగరాదని మనం అనుకుంటాం. అడిగినవాడితో “మీరు పద్యాలు చూసుకోండి” అంటారు. వాళ్ల త్యాగం నిజమే. ఒకరి త్యాగం మరొకరి చీలమండ మీద హక్కు ఇవ్వదు.

రహీం 1963 జూన్‌లో ఊపిరితిత్తుల కాన్సర్‌తో చనిపోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు దక్కినది ఒకే ఒక్క పతకం, 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం. ఆ జట్టును తయారుచేసిన ఇద్దరు శిక్షకుల్లో ఒకరు పి.కె. బెనర్జీ, జకార్తాలో మొదటి గోల్ కొట్టినవాడు. రహీం పేరు జీవితాంతం తలచుకున్నవాడు. హకీం కూడా శిక్షకుడయ్యాడు. కనుక రహీం నేర్పినది ఆయనతో పూర్తిగా పోలేదు, శిష్యుల చేతుల్లో కొంతకాలం బతికింది. మొదటి పరీక్షలో ఆయన చాలావరకు నెగ్గాడు. ఆ విద్యను పెంచవలసిన బడులు, మైదానాలు, ఉద్యోగాలు ఏర్పడనందువల్ల అది వ్యక్తుల దగ్గరే ఆగిపోయింది. ఒక్క మనిషి ఎంత గొప్ప ఉపాధ్యాయుడైనా బడికి బదులు కాలేడు. ‘మైదాన్’ ఈ విషాదాన్ని చూపించి ఉంటే, హాలులోంచి బయటికి వచ్చే కుర్రవాడు మరో రహీం ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూడడు. మన ఊళ్లో మైదానం ఏమైందని అడుగుతాడు.

ఈ సంవత్సరం కూడా నాకు క్రీడల కమిటీలో పని వేశారు. ఇది వేరే కళాశాల, పి.డి. గారు వేరు. ఆయనా కఠినుడే, సమర్థుడే. మొన్న ఆటగాళ్ల ఆరోగ్యం కాగితం నా బల్ల మీదికి వచ్చింది. పన్నెండుమందినీ పిలిపించి, ఒక్కొక్కరినీ మైదానంలో నడిపించి చూసిన తర్వాత సంతకం పెట్టాను. పదకొండు పేర్లకే పెట్టాను. పి.డి. గారికి కోపం వచ్చింది. మర్నాడు ఆయన ఈల వేసేసరికి నేను మైదానంలో ఉన్నాను. పన్నెండోవాడు నా పక్కన బెంచీ మీద కూర్చుని గుడ్డు తింటున్నాడు.